తవిటమ్మ బొటనవేలు

తవిటమ్మ పొయ్యి మీంచి అన్నం గిన్నెని వట్టి చేతుల్తో దించేస్తుంది. మసిగుడ్డ పక్కనే ఉంటుంది, దాని వైపు కూడా చూడదు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే "ఓలమ్మో, సేతులు కాలిపోతాయే!" అని గుండెలు బాదుకుంటారు. ఆవిడ గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ తిప్పి చూసుకుని, "ఏటీ నేదు" అంటుంది. నిజంగానే ఏమీ ఉండదు, బొబ్బ కూడా లేవదు.

నలభై అయిదేళ్ళుగా సన్ననూలు వడికిన చేతులవి. పొందూరు ఖద్దరంటే చాలు, లోకం కళ్ళింతలు చేసుకుని, కొట్లో మడత విప్పి మురిసిపోతుంది. ఆ నూలు వడికినవాళ్ళ వేళ్ళు ఎలా ఉన్నాయని మాత్రం ఏ మారాజూ అడిగిన పాపాన పోలేదు. పోనీ, నేను చెప్తాను. కొండపత్తిని గింజ వదలకముందే వాలుగ చేప దవడతో దువ్వాలి. ఆ ఎముకకి ఉన్నన్ని సన్నపళ్ళు ఏ దువ్వెనకీ ఉండవు. పత్తితో పాటు వేళ్ళనీ దువ్వేస్తాయవి. ఆ తరవాత ఏకులు చేసుకుని, రాట్నం ముందు కూచుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి దారం లాగాలి. చెమటకి దారం తెగుతుందని వేళ్ళకి విభూది రాసుకుంటూ ఉండాలి. పదమూడో ఏట మొదలుపెట్టి యాభై ఎనిమిదో ఏటిదాకా అలా లాగితే ఇంక వేలి మీద ఏం మిగుల్తుంది? తవిటమ్మ వేలికొసలు గాజుగోళీల్లా నున్నగా ఉంటాయి.

ఊరు పొందూరుకి దగ్గర్లోనే. రెండు గదుల రేకుల ఇల్లు. ముందు వసారాలో ఆవిడ రాట్నం, వెనక గదిలో ఆవిడ మొగుడు కూర్మయ్య గుంత మగ్గం. పిల్లల్లేరు. ఆవిడ వడికేది, ఆయన నేసేవాడు, ఇద్దరూ తమ సరుకు ఖద్దరు సంఘానికి అప్పగించి కూలి తెచ్చుకునేవారు. పెళ్ళయిన నాటినుంచీ ఇంట్లో రెండే చప్పుళ్ళు, రాట్నం కుయ్యిమనడం, మగ్గం టక్కుటక్కుమనడం. మాటలు తక్కువే, ఉన్న మాటల్లో సగం తవిటమ్మ తిట్లు.

చివరి రెండేళ్ళు కూర్మయ్యకి ఒక వింత పట్టుదల వచ్చింది. అంతకుముందు సంఘంలో ఎవరి నూలిస్తే ఆ నూలే నేసేవాడు. అలాంటిది ఒకనాడు "మా ఇంటి నూలు నాకే ఇచ్చీండి, ఇంకెవులికీ ఇవ్వొద్దు" అని కూచున్నాడు. తవిటమ్మ వడికిన చిలపల్ని, అంటే నూలు చుట్టల్ని, తనే సంచిలో వేసుకుని వెళ్ళి చూపించి, తనే వెనక్కి తెచ్చుకునేవాడు. నేతగాళ్ళంతా పగలబడి నవ్వారు. "ఏటి బావా, ముసిలితనంలో మోజు పెరిగిపోనాది? పెల్లాం నూలు తప్ప ముట్టవేటి?" అంటే ఆయన తలొంచుకుని నవ్వేవాడు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా తవిటమ్మ పైకి "సిగ్గు నేదు మడిసికి" అనేది, లోపల మాత్రం బాగానే ఉండేది.

బాగాలేనిదల్లా ఆయన నేత. రాన్రాను నెమ్మదైపోయింది. నెలకి మగ్గం మీంచి తెగే గుడ్డతాను రెండు నెల్లు పట్టేది, తరవాత మూడు, నాలుగు. తాను తెగితేనే కదా కూలి! రెండువేల పదిహేను వైశాఖంలో ఒక పొద్దున్న తవిటమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఐదు నెల్లయినాది ఆ తాను ఎక్కించి! నత్త నయం నీకన్నా. సేతకాకపోతే ఒగ్గేసి కూకో, నా సన్ననూలు పాడు సెయ్యకు" అని కడిగేసింది. కూర్మయ్య వెళ్ళి మగ్గం గుంతలో కాళ్ళు దింపి కూచున్నాడు. మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. చుట్ట కాల్చుకుంటున్నాడు కాబోలనుకుని ఆవిడ మరో ఏకు వడికింది. అది అయ్యాక వెళ్ళి చూస్తే, నేసిన గుడ్డ మీద తలపెట్టి పడుకున్నట్టే ఉన్నాడు. అప్పటికే చల్లబడిపోయాడు.

ఆవిడ ఏడవలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు చుట్టూ చేరి వీపు చరిచారు, జుట్టు పట్టుకుని ఊపారు, "ఏడవ్వే తల్లీ, గుండాగిపోద్ది" అని బతిమాలారు. రాని ఏడుపు ఎక్కణ్ణుంచి తెస్తుంది? పెద్దకర్మ మర్నాడే రాట్నం ముందు కూచుంది. "అదేటి గుండే, రాయేటి?" అని నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. ఆవిడకీ అదే అనుమానం. ఛాతీ మీద చెయ్యి వేసుకుంటే అక్కడా ఏమీ తెలిసేది కాదు, వేళ్ళలాగే.

మగ్గం మీద ఆ తాను అలాగే ఉండిపోయింది. ఇంకో నాలుగు మూరలు నేస్తే తెగేది. నేతగాళ్ళిద్దరు వచ్చి "మేం పూర్తి సేసేస్తాం వదినా" అన్నారు. "ఒద్దు, ఆయన సేతిదే ఉండాల" అంది. సంఘం గుమస్తా అనంతపద్మనాభం గారు మంచాయన, శ్రీముఖలింగం గుడిలో తాతల నాటినుంచీ సేవ చేసుకునే ఇంటివాడు. ఆ నూలు ఖరీదుని ఆవిడ కూలిలో కొంచెం కొంచెం పట్టుకుని చెల్లు రాసేశాడు. దాంతో ఆ తాను ఆవిడదైపోయింది. రోజూ ఆ గదిలో దీపం పెట్టి వచ్చేసేది. మగ్గం వైపు చూసేది కాదు, గుడ్డ ముట్టుకునేది కాదు.

ఆ పద్మనాభం గారితోనే ఒక చిన్న కోపం. కూర్మయ్య పోయాక చిలపలు తనే తీసుకెళ్తుంటే, ఆయన అద్దాలు సర్దుకుని చూసి, వాటిని కొంచెం మోటు రకంలో రాసేవాడు. "నూలు మారిందమ్మా, మునుపట్లా లేదు" అనేవాడు మెల్లగా. "మొగుడు పోతే మడిసికే కాదు, నూలుకీ దర పడిపోద్ది కాబోలు" అనుకుని తవిటమ్మ ఇచ్చింది పుచ్చుకుని వచ్చేసేది. దెబ్బలాడే ఓపిక కూడా లేదు, కోపం కూడా ఇంటికొచ్చేసరికి మాయమైపోయేది.

ఆవిడ లెక్కచేసే సంగతి లోకంలో ఒక్కటే మిగిలింది, ఆ వెనకగది కప్పు. హుద్‌హుద్ తుఫానుకి రేకులు పగిలిపోతే కూర్మయ్య పైన నీలం టార్పాలిన్ కప్పాడు. రెండు ఎండలకీ రెండు వానలకీ అది చివికిపోయింది. మొన్న వర్షాకాలం గోడ పక్కన కారింది, మగ్గానికి జానెడు దూరంలో. వచ్చే వానలకి మగ్గం మీదే కారుతుంది, చూపానని ముసలాళ్ళకైనా తెలిసేంత తేటగా కనపడుతూనే ఉంది. తాను తడిస్తే బూజు పడుతుంది, బూజు పడితే పుచ్చిపోతుంది. అది పోతే కూర్మయ్య రెండోసారి పోయినట్టే. కొత్త రేకులు వేయించాలంటే పదమూడు పధ్నాలుగు వేలు. ఆవిడ వడికే కూలికి అది ఏ జన్మకి కూడాలి?

సరిగ్గా అప్పుడు, రెండువేల పదిహేడు శివరాత్రి వెళ్ళిన వారానికి, సంఘం వరండాలో మీటింగు పెట్టారు. ఉమాశంకర్ అని విజయనగరం నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. నెమ్మదైనవాడు, చెప్పిందే మళ్ళీ చెప్పమన్నా విసుక్కోడు. "అమ్మా, పై దేశాల మిల్లు గుడ్డ ఓడల్లో దిగుతుంది కదా. దిగిన గుడ్డ మీద రేవులోనే ప్రభుత్వం సుంకం వసూలు చేస్తుంది. ఆ డబ్బులో కొంత తీసి, ఆ గుడ్డ దెబ్బ తగిలిన ఇళ్ళకి, అంటే మీలాగ చేత్తో వడికే ఇళ్ళకి తిరిగి ఇచ్చి చూద్దామని అనుకున్నారు. ముందుగా మూడు ఊళ్ళలో ప్రయోగం. ఇంటికి పదిహేను వేలు" అన్నాడు.

ఆడవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మెట్ల మీద చేపల బుట్ట దింపుకుని, తనకి సంబంధం లేకపోయినా చెవులు రిక్కించి కూచున్న గున్నమ్మ మాత్రం ఊరుకోలేదు. గున్నమ్మది కళింగపట్నం వైపు. వారానికి మూడుసార్లు బస్సెక్కి ఈ ఊళ్ళో చేపలమ్ముతుంది. గోదావరి వైపు నుంచి వచ్చే ఐసు లారీవాళ్ళ దగ్గర వాలుగ దవడలు సంపాయించి, వడికేవాళ్ళకి తెచ్చిపెడుతుంది కూడా. తవిటమ్మకి ఉన్న ఒక్క స్నేహం ఆవిడే. నోటికి మాత్రం గొళ్ళెం లేదు.

"ఓడలో దిగిన గుడ్డకీ మా తవిటప్పకీ ఏటి సుట్టరికం బాబూ?" అంది.

ఉమాశంకర్ మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. గున్నమ్మ విని, తవిటమ్మ కొంగు రెండువేళ్ళతో పైకెత్తి చూపించింది. "ఇదిగో, ఈ నైలాన్ కోక సంతలో రెండొందల పాతికెట్టి కొన్నాది. ఇదీ ఓడలోంచి దిగిందేనా?"

"అయ్యుండొచ్చు."

"అయితే ఆ సుంకమేదో ఈ కోక దరలోనే ఉన్నాది గదా? కొట్టోడు ఆడి సేతిలోంచి పెట్టుకోడు గదా?"

ఉమాశంకర్ తల గోక్కున్నాడు. "అంతే మరి. ధరలో కలిసే ఉంటుంది."

"సూసినావా! దీని డబ్బులు దీనికే తిరిగిస్తన్నారు. మద్దిలో ఓడా, రేవూ, నువ్వూ ఇంత దూరం తిరగడమెందుకు బాబూ? కోక దరే తగ్గించీండి, ఎవులి డబ్బులు ఆలకాడే ఉంటాయి!"

వరండా అంతా గొల్లుమంది. ఉమాశంకరూ నవ్వేశాడు. తవిటమ్మ ఒక్కతే నవ్వలేదు. దేశంలో పేరుపడ్డ నూలు వడికే మనిషికి ఆ నూలుగుడ్డ కొని కట్టుకునే తాహతు లేక, ఎవరో ఎక్కడో నేసిన నైలాన్ కట్టుకుందన్న సంగతి అందరికీ నవ్వులాటగానే తోచింది. ఆవిడ దాని గురించీ ఆలోచించలేదు. పదిహేను వేలు, రేకులు, అంతే.

చెయ్యాల్సిన పని చిన్నది. ఇంట్లో ఎవరో ఒకరు, ఉమాశంకర్ తెచ్చిన చిన్న వేలిముద్రల నల్లపెట్టె అద్దం మీద వేలు పెట్టాలి. పచ్చదీపం వెలిగితే ఆ ఇల్లు ఖరారైనట్టు. మిగిలిన వడికేవాళ్ళ వేళ్ళు కూడా కొందరివి పడలేదు గాని, ఒకళ్ళకి కొడుకు వచ్చి పెట్టాడు, ఒకళ్ళకి కోడలు వచ్చి పెట్టింది. తవిటమ్మ ఇంట్లో ఉన్నదల్లా తవిటమ్మే. కుడి బొటనవేలు పెట్టింది, ఎర్రదీపం. ఎడమది పెట్టింది, ఎర్రదీపం. కడుక్కొచ్చింది, కొంగుతో తుడిచింది, నూనె రాసింది, గట్టిగా నొక్కింది, మెల్లగా ఆనించింది. పది వేళ్ళూ అయిపోయాయి. పెట్టెలోని గొంతు ప్రతిసారీ ఒకే మాట అంటోంది, మళ్ళీ ప్రయత్నించండి అని.

"దాని దుంపతెగ, ఎన్ని మాట్లు పెయత్నించాల! మడిసి ఎదర నిలబడి ఉంటే కనపడ్డం నేదేటి దానికి?" అంది గున్నమ్మ.

పింఛను దగ్గరా ఈ గొడవే. కాని అక్కడ డబ్బిచ్చేది ఊరివాడు, ఎవరో ఒకరు పూచీ పడితే ఇచ్చేసేవాడు. దీనికి పూచీలు లేవట. ఉమాశంకర్ ఆవిడ చేతిని వెలుతురులో పెట్టి చూసి, నొచ్చుకున్నాడు. "అమ్మా, అరిగిపోయాయి. కాని చర్మం మళ్ళీ వస్తుంది. మా ఊళ్ళో తాపీపనివాళ్ళకి ఇలాగే జరిగితే, రెండు నెలలు పని మానేశాక గీతలు వచ్చాయి. మీరూ వడకడం ఆపి చేతులకి విశ్రాంతి ఇవ్వండి. జూన్ పదిహేను దాకా గడువుంది" అన్నాడు.

"అలగే బాబూ" అంది తవిటమ్మ. అది ఆవిడ ఎవరేం చెప్పినా అనే మాటే.

ఉగాది వెళ్ళగానే రాట్నం మీద పాత దుప్పటి కప్పేసింది. మొదటి వారం చేతులు మాట వినలేదు. కూచుంటే చాలు, కొంగు అంచుని పట్టుకుని వేళ్ళు వాటంతట అవే పురి పెట్టేసేవి. గున్నమ్మ అది చూసి చేతిమీద ఒక్కటిచ్చింది. "ఒసే అప్పా, గీతలు రావాలంటే ముట్టుకోకూడదే! ఇకమీదట గిన్నెలు నాను తోముతాను. నువ్వు పేరంటాలులాగ కూకో." అన్నట్టే వచ్చినప్పుడల్లా గిన్నెలు తోమి, కొబ్బరినూనె వెచ్చబెట్టి ఆవిడ వేళ్ళకి పట్టించేది. "నా పెల్లికి కూడా నా వొంటికి ఇంత నూనె పట్టించనేదు" అని సణిగేది. ఆ తరవాత తవిటమ్మ బొటనవేలు పట్టుకుని, చేప మొప్ప ఎత్తి చూసినట్టు, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసేది.

పరీక్ష కూడా గున్నమ్మే కనిపెట్టింది. దీపం మసి వేలికి రాసి గోడకి అద్దించేది. మొదట్లో పడ్డది వట్టి నల్లమచ్చ, నీటిబొట్టు ఆరినట్టు. మూడోవారమూ నల్లమచ్చే. ఐదోవారం మచ్చ మధ్యలో రెండు తెల్లపోగులు కనిపించాయి. గున్నమ్మ వీధిలో పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించింది. ఆ మరుసటి వారం తవిటమ్మ ఎప్పట్లాగే గంజి గిన్నె వట్టి చేతుల్తో పట్టుకుని, "అబ్బా!" అని వదిలేసింది. గంజి ఇల్లంతా పారింది. గున్నమ్మ ఆ గంజిలోనే నిలబడి చప్పట్లు కొట్టింది. "కాలిందే! నీ సెయ్యి కాలిందే అప్పా!" అని ఒకటే గంతులు. మనిషికి చెయ్యి కాలితే పండగ చేసుకున్న ఇల్లు ఆ జిల్లా మొత్తం మీద అదొక్కటే అయ్యుంటుంది.

తవిటమ్మకి మాత్రం అది ఏమంత బాగాలేదు. వేళ్ళకి తెలియడం మొదలైంది. చింతపండులో పీచు తెలుస్తోంది, బియ్యంలో మట్టిబెడ్డ తెలుస్తోంది, తలుపు గడియ చల్లగా తెలుస్తోంది. రాట్నం చప్పుడు లేని ఇంట్లో మధ్యాహ్నాలు పొడుగైపోయాయి. ఆ పొడుగు మధ్యాహ్నాల్లో, రెండేళ్ళుగా గుర్తురాని మాట ఒకటి పదే పదే గుర్తొచ్చేది. నత్త నయం నీకన్నా. అది తను అన్న మాటేనని తెలుసు. గుర్తొస్తే గుర్తొచ్చిందని ఊరుకునేది, అంతకుమించి ఏమీ అయ్యేది కాదు.

జూన్ పన్నెండు నాటికి గోడ మీద పడ్డ ముద్రలో గీతలు సుళ్ళు తిరుగుతూ తేటగా వచ్చాయి. గున్నమ్మ ఆవేళ చేపల బేరం మానుకుని వెంట వచ్చింది. సంఘం వరండాలో ఉమాశంకర్ లేచి ఎదురొచ్చాడు. తవిటమ్మ అద్దం మీద బొటనవేలు ఆనించింది. అద్దం చల్లగా ఉందని తెలిసింది. పచ్చదీపం వెలిగింది.

"దీని సిగతరగ, గుర్తుపట్టింది!" అని గున్నమ్మ కేక పెట్టింది. వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వులు, ఈలలు. ఉమాశంకర్ కూడా సంతోషంగా తెర మీదికి వంగి, చదివాడు. మళ్ళీ చదివాడు. ఆయన మొహంలో నవ్వు ఒక్కొక్క మెట్టే దిగిపోయింది.

"ఏటి బాబూ?" అంది తవిటమ్మ.

ఆయన పద్మనాభం గారి వైపు తిరిగాడు. ఇద్దరూ సంఘం పుస్తకం తెరిచి వేలుపెట్టి చూశారు. "అమ్మా" అన్నాడు ఉమాశంకర్. "వడికేవాళ్ళ జాబితా మే నెలాఖరుకి కొత్తగా తీశారట. వరసగా నెలనెలా చిలపలు అప్పగించినవాళ్ళే అందులో ఉన్నారు. ఏప్రిల్, మే నెలల్లో మీ పేరు ఎదురుగా ఏమీ లేదు. మీరు వడకడం మానేసినట్టు తీసుకున్నారు."

పద్మనాభం గారు అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "లేనిది ఉన్నట్టు రాయలేను కదమ్మా. పైవాళ్ళు ఈ లెక్క ఎందుకు అడుగుతున్నారో నాకు చెప్పలేదు" అన్నాడు.

అప్పుడు గున్నమ్మని పట్టడం ఎవరి తరమైంది! "వడికితే వేలు పడదు! వేలు పడాలంటే వడకొద్దు! వడక్కపోతే డబ్బు నేదు! ఎవుడ్రా ఇది కనిపెట్టినోడు, ఓ పాలి ఆడి మొహం సూపించండి! రెండు నెల్లు గిన్నెలు తోమినాను బాబూ, ఈ వేలు కోసం!" ఉమాశంకర్ నిలబడి అన్నీ పడ్డాడు. తప్పు తనదేనని, ఆ రూలు తనకి తెలియకుండానే సలహా ఇచ్చానని, పైకి రాస్తానని చెప్పాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తవిటమ్మ ఆయన వైపు చూసి, "నువ్వేటి సేస్తావు బాబూ. రాస్తే రాయి" అంది. మెట్లు దిగి ఇంటికి వచ్చేసింది. పదిహేను వేలు లేవు, రేకులు లేవు. అయ్యో అనిపించాలి కదా అని తనే అనుకుంది. అనిపించలేదు.

ఇల్లు చేరేసరికి తూర్పుగాలి లేచింది. తలుపు తీసేలోపే వాన పట్టుకుంది, ఆ ఏడు మొదటి వాన. వెనకగదిలో టార్పాలిన్ చిరిగిన చెరగు పటపటా కొట్టుకుంటోంది. తవిటమ్మ లోపలికి పరిగెత్తింది. నీళ్ళు మగ్గానికి జానెడు దూరంలో కాదు, మగ్గం మీదే పడుతున్నాయి. చేటా, పళ్ళెం, దుప్పటి, దొరికిందల్లా పైన కప్పింది. గుంతలో కాళ్ళు దింపి, కూర్మయ్య కూచునే చోట కూచుని, ఎంత తడిసిందో చూద్దామని నేసిన గుడ్డ మీద అరచెయ్యి వేసింది.

వేళ్ళకి ఏదో తగిలింది.

ఆవాలగింజలో సగం కూడా ఉండదు. గుడ్డలో ఏదో గరుకు. నలక పడిందేమోనని గోటితో తీయబోయింది, రాలేదు. పక్కకి జరిపితే ఇంకోటి తగిలింది. దాని పక్కన మరోటి. చూద్దామని వంగింది, కంటికి ఏమీ కనిపించలేదు, గుడ్డ తెల్లగా సాఫీగా ఉంది. కళ్ళు మూసుకుని బొటనవేలితో మెల్లగా రాసింది. ముడులు. నిలువు దారాల్లో, పడుగంతా, తెగినచోటల్లా వేసిన ముడులు. కొసలు గోటితో తుంచి, ఎవరికీ కనపడకుండా అణిచేసిన ముడులు. బెత్తెడు గుడ్డలో పదో పదిహేనో ఉన్నాయి.

నలభై అయిదేళ్ళు నూలుతో బతికిన మనిషికి ఒకరు చెప్పాలా? అది తన నూలు. ఇంతగా తెగిన నూలు. వేళ్ళు మొద్దుబారిపోయి, దారం ఎక్కడ సన్నబడుతోందో ఎక్కడ పురి చాలడం లేదో తనకే తెలియకుండా, ఎన్నాళ్ళనుంచో తను పాడునూలు వడుకుతోంది. సన్ననూలు వడుకుతున్నానని మిడిసిపడుతోంది. అది ఆయనకి తెలుసు. అందుకే మా ఇంటి నూలు నాకే ఇచ్చీమన్నాడు. ఇంకో నేతగాడి చేతిలో పడితే మర్నాడు ఊరంతా తెలిసిపోతుంది కదా, తవిటమ్మ పనైపోయిందని. అందరూ మోజని ఎగతాళి చేస్తే తలొంచుకుని పడ్డాడు. తెగిన ప్రతి పోగూ వెతికి, ముడేసి, మళ్ళీ నేశాడు. నెలకి తెగే తాను ఐదు నెల్లు పట్టిందంటే పట్టదూ! ఆ ఐదో నెల తను ఏమంది? నా సన్ననూలు పాడు సెయ్యకు అంది. ఆయన ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, ఎదురు చెప్పలేదు.

"నాకు సెప్పొచ్చు గదా" అంది తవిటమ్మ గట్టిగా, గదిలో మనిషున్నట్టే. "సెప్పొచ్చు గదయ్యా. తిట్టొచ్చు గదా నన్ను."

రెండేళ్ళ కిందట ఆడవాళ్ళు వీపు చరిచి రప్పించలేకపోయిన ఏడుపు అప్పుడొచ్చింది. వానలో ఆ గొంతు ఎవరికీ వినపడలేదు. ఏడుస్తూనే లేచి, గూట్లోంచి కత్తెర తీసి, నేసినంతవరకూ వదిలి మిగిలిన పోగుల్ని తనే కత్తిరించేసింది. గుడ్డని మడతపెట్టకుండా, కట్టుకున్న నైలాన్ కోక మీద ఒంటినిండా కప్పుకుని, కారని మూల చూసుకుని కూచుంది. మగ్గం మీద వాన కురుస్తూనే ఉంది.

మూడోరోజు గున్నమ్మ వచ్చింది. బుట్ట దించుతూనే కొత్త వాలుగ దవడ తీసి వసారా గట్టు మీద పెట్టింది. "ఆ ఉమాశంకర్ బాబు పైకి రాసినాడంట. వస్తే వస్తాది, నేపోతే నేదు. ఇక నెగు అప్పా, రాట్నం దుప్పటి తియ్యి. ఈ నెలైనా చిలపలు పడితే ఆ పుస్తకంలో నీ పేరు ఉంటాది."

తవిటమ్మ గడపలో కూచుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. ఒళ్ళో తాను పరుచుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో అంగుళం అంగుళం తడుముకుంటోంది. దవడ ముట్టుకోలేదు.

"అప్పుడే ఒద్దే గున్నమ్మా. వడికితే మల్లీ మొద్దుబారిపోతాయి" అంది. "సూడాల్సింది ఇంకా మూడు మూరలు మిగిలున్నాది."